మిగ్-15 ముక్కులో ఆ 37 మి.మీ. ఫిరంగి ఎవరికోసం?

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. కొరియా యుద్ధంలో సోవియట్ జెట్ ఫైటర్ మిగ్-15 మీద ఒక 37 మి.మీ. ఫిరంగి, రెండు 23 మి.మీ. ఫిరంగులు ఉంటే, అమెరికన్ల ఎఫ్-86 సేబర్ మీద అరంగుళం మెషిన్ గన్‌లు ఆరే ఉన్నాయి. అయినా సేబర్‌దే పైచేయి అంటారు కదా, మరి అంత బరువైన ఫిరంగి పెట్టడం రష్యన్ల పొరపాటేనా అన్నది మొదటిది. మన వాయుసేన ఇలాంటి గన్‌లు వాడిందా అన్నది రెండోది. నేను వాయుసేనలో ఆర్మమెంట్ ట్రేడ్‌లో, అంటే విమానాల ఆయుధాలు చూసుకునే విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ భాగం హంటర్ జెట్ ఫైటర్ మీది 30 మి.మీ. ఏడెన్ గన్‌లతోనే గడిచింది. అందుకని కాస్త వివరంగానే రాస్తాను.

నా దృష్టిలో అది పొరపాటు కాదు. ఆ ఫిరంగిని సేబర్ కోసం పెట్టలేదు, అమెరికన్ల బి-29 బాంబర్ కోసం పెట్టారు. మిగ్-15 మొదటిసారి ఎగిరింది 1947 డిసెంబర్ 30న. అప్పటికి హిరోషిమా జరిగి రెండేళ్లు దాటింది. బి-29లు అణుబాంబులతో వస్తే ఒక్కటి కూడా లోపలికి రాకూడదు అన్నదే అప్పట్లో సోవియట్ వాళ్ల అసలు టెన్షన్. సేబర్ అప్పటికి ఇంకా స్క్వాడ్రన్‌లకే చేరలేదు. ఏ ఫిరంగినైనా మంచిదా చెడ్డదా అని తేల్చేముందు, అది దేన్ని కూల్చడానికి తయారైంది, ఆ టార్గెట్ గురిలో ఎంతసేపు నిలుస్తుంది అన్న రెండూ చూడాలి. జెట్ ఫైటర్ల తొలి రోజుల్లో జరిగిన కథంతా ఈ రెండు లెక్కల చుట్టూనే తిరిగింది.

దీనికి మూలం జర్మన్ల జెట్ ఫైటర్ మెస్సర్‌ష్మిట్ 262లో ఉంది. 1943-44లో జర్మనీ మీదికి అమెరికన్ బి-17లు వందల్లో వచ్చేవి. అలాంటి నాలుగింజన్ల బాంబర్‌ను కూల్చాలంటే 20 మి.మీ. గుండ్లు సగటున ఇరవై దాకా తగలాలని జర్మన్లు లెక్క తేల్చారు. అదే 30 మి.మీ. అయితే నాలుగైదు చాలు. అందుకని 262 ముక్కులో ఎంకే 108 అనే 30 మి.మీ. ఫిరంగులు నాలుగు పెట్టారు. పై రెండింటికి వందేసి, కింది రెండింటికి ఎనభై చొప్పున రౌండ్లు.

ఈ ఎంకే 108 గురించి ఆగి చెప్పాలి, ఎందుకంటే ఒక ఆయుధంలో ఏం వదులుకుని ఏం సంపాదించారో ఇంత స్పష్టంగా కనిపించే గన్ మరొకటి నేను చూడలేదు. బరువు 60 కిలోల లోపే. చాలా భాగాలు రేకు నొక్కి చేసినవి, కాబట్టి తయారీ చవక, త్వరగా అయిపోతుంది. బోల్టు, అంటే రౌండ్‌ను లోపలికి తోసి వెనకనుంచి మూసే భాగం, ఇంకా ముందుకు కదులుతూ ఉండగానే రౌండ్ పేలుతుంది. ఆ పేలుడు ముందు బోల్టును ఆపి, తర్వాతే వెనక్కి తోయాలి. అలా వెనక్కి తన్నే బలంలో చాలా భాగం అక్కడే ఖర్చయిపోతుంది, అందుకే అంత తేలికైన గన్ అంత పెద్ద గుండును తట్టుకుంది. కానీ ఈ పద్ధతి పనిచేయాలంటే బ్యారెల్ పొట్టిగా ఉండాలి, గుండు వేగం తక్కువగా ఉండాలి. సెకనుకు 540 మీటర్లు మాత్రమే. గుండు మాత్రం మామూలుది కాదు. మిగతా దేశాల గుండ్లలో మందపాటి ఉక్కు గోడ, లోపల కొంచెం మందు. జర్మన్లు పల్చటి ఉక్కు గోడ చేసి, 330 గ్రాముల గుండులో 70 గ్రాములకు పైగా పేలుడు మందు దట్టించారు. అది విమానం చర్మంలోంచి దూరి లోపల పేలితే, ముక్కలకంటే ఆ పేలుడు ఒత్తిడే రెక్కను చీల్చేస్తుంది.

ఇప్పుడు గురిలో ఎంతసేపు అన్న లెక్క చూడండి. 262 గంటకు 850 కిలోమీటర్లతో వెనకనుంచి వస్తోంది, బాంబర్ 300తో పోతోంది. తేడా 550, అంటే సెకనుకు దాదాపు 150 మీటర్లు. 600 మీటర్ల దగ్గర కాల్చడం మొదలుపెట్టి, 200 మీటర్ల దగ్గర ఢీకొట్టకుండా తప్పుకోవాలంటే పైలట్ చేతిలో ఉన్నది మూడు సెకన్ల కన్నా తక్కువ. గుండు నిదానం కాబట్టి 600 మీటర్లు పోవడానికే సెకను పైన పడుతుంది, ఈలోగా కిందికి జారిపోతుంది కూడా. దగ్గరికి వెళ్లేదాకా ఆగాలి, వెళ్లాక ఆగే టైం లేదు. అయినా నాలుగు గన్‌లూ కలిసి సెకనుకు 43 గుండ్లు వదులుతాయి కాబట్టి బాంబర్ లాంటి పెద్ద, నిదానమైన టార్గెట్ మీద అది సరిపోయింది. మలుపు తిరుగుతున్న మస్టాంగ్ ఫైటర్ మీద అదే గన్ కష్టం. గట్టిగా తిరిగేటప్పుడు రౌండ్ల బెల్ట్ బరువు పెరిగి తెగిపోయే ఇబ్బంది కూడా ఉండేది.

ఇంకా పెద్దదైతే ఇంకా మేలని 262 ముక్కులో 50 మి.మీ. ఫిరంగి కూడా పెట్టి చూశారు, రెండు విమానాల మీద. బాంబర్ల తుపాకుల పరిధికి బయటనుంచే కొట్టాలని ఉద్దేశం. గన్ జామ్ అవుతూ ఉండేది, యుద్ధమూ అయిపోయింది. ఆ దారి అక్కడితో ఆగింది.

సోవియట్ వాళ్లు ఈ సమస్యకు తమ దారిలో జవాబు వెతికారు. యుద్ధకాలంలో యాక్-9టి లాంటి ప్రొపెల్లర్ ఫైటర్‌లో వాళ్లకు ఎన్ఎస్-37 అనే 37 మి.మీ. ఫిరంగి ఉండేది, బరువు 150 కిలోల పైమాటే. దాన్ని జెట్ కోసం తగ్గించి సుమారు 103 కిలోల ఎన్-37 చేశారు. గుండు వేగం 900 నుంచి 690 మీటర్లకు దించారు. గుండు బరువు మాత్రం 735 గ్రాములు, ముప్పావు కిలో అనుకోండి. ఒక్కటి సరిగ్గా తగిలితే ఫైటర్ పని అయిపోయినట్టే.

మొదట ఇది మిగ్-9కి పెట్టారు, 1946లో. అందులో ఇంజన్‌కు గాలి పోయే రెండు నోళ్ల మధ్యనుంచి బ్యారెల్ బయటికి పొడుచుకుని వచ్చేది. ఎత్తులో పేలిస్తే ఆ పొగ, వేడి గాలి తిన్నగా ఇంజన్‌లోకి పోయి ఇంజన్ ఆగిపోయేది. జెట్‌లో గన్ పెట్టడం అంటే చోటు చూసి బిగించడం కాదని అందరికీ నేర్పిన విమానం అది. ప్రొపెల్లర్ ఇంజన్‌కు తుపాకి పొగతో పనిలేదు. జెట్ ఇంజన్‌లో గాలిని నొక్కి లోపలికి పంపే కంప్రెసర్‌కు మాత్రం లోపలికొచ్చే గాలి ఒక్క క్షణం చెడినా ఊపిరాడదు. ఇంగ్లండ్‌లో హంటర్‌కు, అమెరికాలో సేబర్‌కు కూడా ఈ దెబ్బ తగిలింది, వాటి సంగతి కిందికి వస్తుంది.

మిగ్-15లో ఆ పాఠం కనబడుతుంది. గన్‌లు ముక్కు కింద, గాలి నోటికి వెనకగా ఉంటాయి. కుడివైపు 37, ఎడమవైపు రెండు 23లు. మూడు ఫిరంగులూ, రౌండ్ల పెట్టెలూ అన్నీ ఒకే తట్ట మీద బిగించి, చేత్తో తిప్పే వించీతో, ఉక్కు తాళ్ల మీద లిఫ్ట్ లాగా నేలకు దించేవారు. నా ట్రేడ్ వాళ్లు ఎవరైనా ఇది చూస్తే చేతులెత్తి మొక్కాలి. ఇరుకు పానెల్‌లో తల దూర్చి, కనబడని బోల్టును వేళ్లతో తడుముతూ విప్పినవాళ్లకే తెలుస్తుంది, గన్ మొత్తం నడుము ఎత్తులో కళ్లముందు ఉండటం ఎంత సుఖమో. దగ్గర్లో మంచి వర్క్‌షాప్ లేని ఎయిర్‌ఫీల్డ్‌లో, చలికాలంలో గ్లవ్స్ వేసుకుని చేయాల్సిన పనిని మనసులో పెట్టుకుని గీసిన డిజైన్ అది.

బి-29 మీద ఇది ఏం చేసిందో 1951 అక్టోబర్ 23న తేలింది. ఉత్తర కొరియాలో నామ్సీ ఎయిర్‌ఫీల్డ్ మీదికి పగటిపూట వెళ్లిన చిన్న బి-29 గుంపు మీద మిగ్‌లు పడ్డాయి. మూడు కూలాయి, మిగిలినవాటిలో చాలావరకు తూట్లుపడి ఎలాగో దిగాయి. కాపలాగా సేబర్లు, ఇతర జెట్‌లు చాలానే ఉన్నా ఆపలేకపోయాయి. ఆ దెబ్బతో బి-29ల పగటి దాడులు ఆపి రాత్రి దాడులకు మారారు. ఫిరంగి దేనికోసం తయారైందో ఆ పని చేసి చూపించింది. దాన్ని పొరపాటు అనడానికి నాకు నోరు రాదు.

సేబర్ ఎదురైనప్పుడు మాత్రం లెక్క తిరగబడింది. కాగితం మీద వేసి చూడండి. ఎన్-37 నిమిషానికి 400 రౌండ్లు, అంటే గుండుకూ గుండుకూ మధ్య 0.15 సెకను. ఒక గుండు బ్యారెల్ దాటి వంద మీటర్లు పోయాక గానీ ఇంకోటి బయటికి రాదు. గంటకు 900 కిలోమీటర్లతో అడ్డంగా దూసుకుపోయే సేబర్ పొడవు పదకొండు మీటర్లు చిల్లర. అది ఒక బిందువును దాటడానికి పట్టేది 0.05 సెకను కూడా కాదు. గురి నూటికి నూరుపాళ్లు సరిగా ఉన్నా, రెండు గుండ్ల మధ్య ఖాళీలోంచి విమానం మొత్తం తప్పించుకుపోయే అవకాశమే ఎక్కువ. అదే సేబర్ ఆరు గన్‌లూ కలిపి సెకనుకు 120 తూటాలు వదులుతాయి. ఆ 0.05 సెకనులోనే ఐదారు తూటాలు ఆ చోటుకు చేరతాయి. పైగా 37కి ఉన్నవి 40 రౌండ్లే, ఆరు సెకన్లకు ఖాళీ. 23లకు ఎనభైయేసి. సేబర్‌లో అన్నీ కలిపి సుమారు 1800, పదిహేను సెకన్లు కాల్చుకోవచ్చు.

ఇంకో చిక్కు కూడా ఉంది. 23, 37 గుండ్లు రెండూ దాదాపు ఒకే వేగంతో బయల్దేరినా, తేలికైన 23 గాలిలో త్వరగా నెమ్మదిస్తుంది. దూరం పెరిగేకొద్దీ రెండూ వేర్వేరు దారులు పడతాయి. ఒకే గన్ సైట్‌తో రెండింటినీ గురి పెట్టడం ఎలా? బాంబర్ వెడల్పు 43 మీటర్లు, కొంచెం అటూ ఇటూ అయినా ఏదో ఒకచోట తగులుతుంది. ఫైటర్‌తో అలా కుదరదు. మిగ్ గన్ సైట్‌లో టార్గెట్ దూరాన్ని పైలట్ థ్రాటిల్ పిడి తిప్పి తనే సరిచేసుకోవాలి. సేబర్‌లో చిన్న రాడార్ ఆ దూరం కొలిచి నేరుగా సైట్‌కు అందించేది. గట్టి మలుపుల్లో పైలట్ స్పృహ తప్పకుండా కాళ్లనూ పొట్టనూ బిగించి పట్టే జి-సూట్ అమెరికన్ పైలట్లకు ఉంది, మిగ్ పైలట్లకు లేదు. సేబర్ తోక మొత్తం కదిలేది కాబట్టి ధ్వనివేగం దగ్గర కూడా చెప్పినట్టు వినేది. ఎవరు ఎన్ని కూల్చారన్న లెక్కలు రెండు పక్షాలవీ కలవవు, ఆ గొడవలోకి నేను వెళ్లను. సేబర్ సాధించిన దాంట్లో దాని గన్‌ల వాటా తక్కువ, మిగతావాటి వాటా ఎక్కువ అన్నది నా అభిప్రాయం.

ఎందుకంటే ఆ అరంగుళం తూటాల మీద సేబర్ పైలట్లే గోల పెట్టారు. తూటా బరువు 45 గ్రాముల లోపు, లోపల పేలేది ఏమీ లేదు, నిప్పంటించే మందు కాస్త ఉంటుంది. పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో గాలి పల్చన, ఇంధనం అంత తేలిగ్గా అంటుకోదు. పదుల కొద్దీ తూట్లతో కూడా మిగ్‌లు ఇంటికి చేరేవి. మిగ్ గుండు తగిలితే చంపుతుంది గానీ తగలదు, సేబర్ తూటా తగులుతుంది గానీ చంపదు. రెండు పక్షాలూ సగం జవాబుతోనే పోరాడాయి.

మిగతా సగం మళ్లీ జర్మనీలోనే ఉంది. యుద్ధం చివర్లో ఓబెర్న్‌డోర్ఫ్‌లోని మౌజర్ కంపెనీ ఎంజీ 213 అనే రివాల్వర్ ఫిరంగి చేస్తోంది. మామూలు ఫిరంగిలో చాంబర్, అంటే రౌండ్ కూర్చుని పేలే అర, ఒక్కటే. రౌండ్‌ను లోపలికి తోయాలి, పేల్చాలి, ఖాళీ కేసు లాగాలి, బయటికి విసరాలి, అప్పుడు గానీ ఇంకో రౌండ్‌కు దారి లేదు. రౌండ్ పొడవు పెరిగేకొద్దీ బోల్టు బరువూ, అది పోవాల్సిన దూరమూ పెరిగి వేగం పడిపోతుంది. ఎన్-37 నిమిషానికి 400 దగ్గర ఆగిపోయింది అందుకే. మౌజర్ వాళ్లు బ్యారెల్ ఒక్కటే ఉంచి, వెనక ఐదు చాంబర్లు ఉన్న తిరిగే డ్రమ్ పెట్టారు. ఒక చాంబర్ బ్యారెల్ ఎదురుగా పేలుతుంటే, అదే సమయంలో మరో చాంబర్లోకి రౌండ్ దశలవారీగా ఎక్కుతూ ఉంటుంది, ఇంకోటి ఖాళీ కేసును వదిలించుకుంటూ ఉంటుంది. పెళ్లి వంటశాలలో ఒకరు పిండి ఒత్తుతుంటే ఒకరు పూరీలు వేయిస్తుంటే ఇంకొకరు తీస్తున్నట్టు. ఒక్కడే అన్నీ చేస్తే బంతి లేవదు.

జర్మన్లకు అది యుద్ధంలోకి అందలేదు. గెలిచినవాళ్లు మాత్రం ఆ డ్రాయింగులూ నమూనాలూ పట్టుకుపోయారు. ఇంగ్లండ్‌లో అది 30 మి.మీ. ఏడెన్ అయింది, ఫ్రాన్స్‌లో 30 మి.మీ. డెఫా, అమెరికాలో 20 మి.మీ. ఎం39. ఈ ఎం39 ఇంకా టి-160 అన్న పేరుతో ఉండగానే, 1953లో నాలుగేసి బిగించిన సేబర్లను కొన్నింటిని ‘గన్‌వాల్’ ప్రాజెక్టు కింద కొరియాకు పంపి నిజం పోరులోనే పరీక్షించారు. నాలుగూ కలిసి సెకనుకు వంద పేలే గుండ్లు! కానీ మిగ్-9 కథే ఇక్కడా ఎదురైంది. ఎత్తులో నాలుగూ కాలిస్తే పొగ ఇంజన్‌లోకి పోయి కంప్రెసర్ తడబడింది. అది సరిచేశాక, తర్వాతి సేబర్ మోడల్ ఎఫ్-86హెచ్‌లో ఎక్కువ విమానాలు ఈ నాలుగు ఫిరంగులతోనే వచ్చాయి. అంటే అరంగుళం మెషిన్ గన్ చాలు అన్న వాదాన్ని అమెరికన్ వాయుసేనే వదిలేసింది.

ఇక మీ రెండో ప్రశ్న. వాడింది, బాగా వాడింది. మన తొలి జెట్‌లైన వ్యాంపైర్లు, తర్వాత వచ్చిన తూఫానీలు నాలుగేసి 20 మి.మీ. హిస్పానో ఫిరంగులతో ఉండేవి. 1957 నుంచి వచ్చిన మిస్టేర్‌కు రెండు డెఫాలు, హంటర్‌కు నాలుగు ఏడెన్లు. నాట్‌కు రెండు ఏడెన్లు. మన సొంత మారుత్‌కూ నాలుగు ఏడెన్లే.

హంటర్ గన్ ప్యాక్ నా చేతుల మీదుగా నడిచింది కాబట్టి దాని గురించి గట్టిగా చెప్పగలను. కాక్‌పిట్ వెనక, పొట్ట కింద నాలుగు గన్‌లూ, ఒక్కోదానికి 150 రౌండ్లూ ఒకే ప్యాక్. బ్యారెల్స్ విమానంలోనే ఉండిపోతాయి. గన్‌లను వాటినుంచి విడదీసి ప్యాక్ మొత్తం వించీలతో దించి, ముందే నింపి సిద్ధంగా ఉంచిన ఇంకో ప్యాక్ ఎక్కిస్తాం. చెయ్యి తిరిగిన టీమ్ అయితే పది నిమిషాల లోపే అయిపోతుంది. అసలు శ్రమంతా ముందురోజు బెల్ట్ కట్టడంలో ఉంటుంది. ప్రతి రౌండూ లింకులో, అంటే రౌండ్లను బెల్ట్‌గా కలిపే లోహపు కొక్కెంలో, దాని చోట దాకా కూర్చుందా లేదా అన్నది కంటితో కాకుండా వేళ్లతో చూడాలి. ఒక్క రౌండ్ రెండు మిల్లీమీటర్లు బయటికి ఉంటే, నిమిషానికి 1200 లాగే గన్ దాన్ని క్షమించదు, అక్కడే ఆగిపోతుంది. ఎదురుగా శత్రువు ఉండగా గన్ ఆగిపోతే పైలట్ చేయగలిగింది ఏమీ లేదు. 1965లో నాట్‌ల గన్‌లు జామ్ అయి పైలట్లు అవస్థ పడిన సంగతి మా ట్రేడ్‌లో పాఠంలా చెప్పేవారు.

నాలుగు ఏడెన్లు ఒకేసారి కాలిస్తే సెకనుకు 80 గుండ్లు, దాదాపు 18 కిలోల లోహం, సెకనుకు 790 మీటర్ల వేగంతో. అది వెనక్కి తన్నే బలాన్ని లెక్క కడితే టన్నున్నర దగ్గరికి వస్తుంది. హంటర్ ఇంజన్ తోపుడు బలం నాలుగున్నర టన్నులు, అందులో మూడోవంతు! పైగా గన్‌లు కింద ఉండటం వల్ల ముక్కు కిందికి వంగేది. దాన్ని సరిచేయడానికే బ్యారెల్ మూతుల దగ్గర పొగను మళ్లించే డిఫ్లెక్టర్లు పెట్టారు. తొలి హంటర్లలో గన్ పొగకు ఏవన్ ఇంజన్ ఉక్కిరిబిక్కిరి అయ్యేది. ట్రిగ్గర్ నొక్కగానే ఇంధనం ఓ క్షణం తగ్గేలా ఏర్పాటు చేసి, తర్వాత ఇంజన్‌నే మార్చి ఆ బాధ వదిలించుకున్నారు. ఖాళీ కేసులు బరువు కాబట్టి కిందికి పడిపోతాయి. లింకులు తేలిక, గాలికి కొట్టుకొచ్చి విమానం ఒంటికే తగిలేవి. ఫొటోల్లో హంటర్ గొంతు కింద రెండు ఉబ్బులు కనబడతాయి చూడండి, అవి ఆ లింకులు పట్టుకునే డబ్బాలే.

మీరు కొరియాలో చూసిన పోటీయే మన ఆకాశంలోనూ జరిగింది. పాకిస్తాన్ దగ్గర ఉన్నవి అవే ఆరు మెషిన్ గన్‌ల సేబర్లు, మన దగ్గర 30 మి.మీ. హంటర్లు, నాట్‌లు. 1971 నవంబర్ 22న తూర్పు పాకిస్తాన్ సరిహద్దు దగ్గర బోయ్రా మీద నాలుగు నాట్‌లు సేబర్ల మీద పడ్డాయి. నాట్‌కు ఉన్నది గన్‌కు 115 రౌండ్లు, ట్రిగ్గర్ వదలకపోతే ఆరు సెకన్లకు అన్నీ ఖాళీ. చిన్న చిన్న బరస్టులే సరిపోయాయి. కూలిన సేబర్ల పైలట్లలో ఇద్దరు మనవాళ్లకు బందీలుగా దొరికారు. వాళ్లలో పర్వేజ్ మెహదీ ఖురేషీ తర్వాత పాకిస్తాన్ వాయుసేనకే అధిపతి అయ్యాడు. ఆ డిసెంబర్ 5న లోంగేవాలాలో జైసల్మేర్ నుంచి లేచిన హంటర్లు రాకెట్లతో, ఇవే ఏడెన్లతో ట్యాంకుల మీద పడ్డాయి. ట్యాంకుకు ముందు కవచం మందంగా ఉంటుంది గానీ పైన, ఇంజన్ మీద పల్చన. బాంబర్ రెక్కను చీల్చడానికి మౌజర్ వాళ్లు మొదలుపెట్టిన గన్ వంశం థార్ ఎడారిలో ట్యాంకు ఇంజన్ల మీద కూడా పనికొచ్చింది.

మిగ్-15, సేబర్ గన్‌లను మీరే పోల్చి చూసుకోవాలంటే గుండు బరువును సెకనుకు పడే గుండ్లతో గుణించడం దగ్గర ఆగకండి. ఆ లెక్కలో మిగ్‌ది సెకనుకు ఎనిమిదిన్నర కిలోలు, సేబర్‌ది ఐదు, మిగ్ గెలిచినట్టే కనబడుతుంది. దాని పక్కనే సెకనుకు ఎన్ని గుండ్లు, గుండు వేగం ఎంత, మొత్తం ఎన్ని సెకన్లు కాల్చగలదు అన్న మూడు అంకెలూ రాసుకోండి. ఆ తర్వాత ఎదుటి విమానం పొడవు, వేగం వేసి నేను పైన చేసిన 0.05 సెకను లెక్క చేయండి. బి-29కి ఒకసారి, సేబర్‌కు ఒకసారి. ఎక్కడైనా లెక్క ఆగిపోతే ఇక్కడే రాయండి, కలిసి చూద్దాం.